ఎక్కడ ఆగాలో తెలిసిన చెయ్యి: మర్దన విద్యకు ప్రమాణాలు, గుర్తింపు

శ్రీకాళహస్తిలో మా వీధి చివర పసిబిడ్డలకు నీళ్లు పోసే అవ్వ ఒకామె ఉండేది. పొద్దున్నే వచ్చేది. పీట వాల్చుకుని, కాళ్లు బారచాపి, బిడ్డను వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుని, గోరువెచ్చటి నువ్వుల నూనె వీపు నుంచి అరికాళ్ల దాకా సాగదీసి రాసేది. అంత పనిలోనూ నాకు బాగా గుర్తుండిపోయింది ఒక్కటే. నూనె గిన్నెలో వేలు ముంచే ముందు తన చేతి వెనకవైపును బిడ్డ పొట్టకు ఆనించి కాసేపు ఆగేది. ఒళ్లు వెచ్చగా తగిలితే గిన్నె పక్కకు జరిపేసేది. "ఈ పొద్దు నూనె వద్దు మ్మా, బిడ్డకి ఒళ్లు కాల్తా ఉంది. డాక్టరు దగ్గరికి తీస్కపో" అని లేచిపోయేది. ఆ పూట కూలి ఆమెకు రాదు. అయినా లేచిపోయేది.

ఆమెకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇవాళ ఏ ఊళ్లో చూసినా గోడకు సర్టిఫికెట్లు వేలాడదీసిన మర్దన కేంద్రాలున్నాయి. వాటిలో చేతులతో పనిచేసే ఆడపిల్లలు, కుర్రాళ్లు ఏం చదివారు, ఎన్నాళ్లు చదివారు, ఎవరు పరీక్ష పెట్టారు అని అడిగితే సూటిగా జవాబు దొరకడం కష్టం. మర్దన నేర్పే చదువుకు ప్రమాణాలు ఎలా ఉండాలి, నేర్పే సంస్థలకు గుర్తింపు ఎవరివ్వాలి అన్న ప్రశ్న ప్రపంచమంతా నలుగుతున్నదే. యాత్రికుల ఊళ్లవాళ్లమైన మాకు అది మరీ దగ్గరి ప్రశ్న. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, అలిపిరి దగ్గర 3,550 మెట్లు ఎక్కి, అటునుంచి వాయులింగ దర్శనానికి, రాహుకేతు పూజకు శ్రీకాళహస్తి చేరేవాళ్ల కాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఆ కాళ్లు ఎవరి చేతుల్లో పడుతున్నాయన్నదే ఈ వ్యాసంలో పరిశీలించదలచిన విషయం.

ఎన్ని చేతులో అన్ని చదువులు

మన దగ్గర మర్దన ఒక వృత్తి కాదు, నాలుగైదు వృత్తుల్లో చెదిరి ఉన్న పని. మొదటిది ఇంటి చెయ్యి. తలంటు, నలుగు, బాలింత స్నానం, పసిబిడ్డకు నూనె, బెణికిన కాలికి కాపడం. మంత్రసానులు, నాయీబ్రాహ్మణులు, ఇంట్లో పెద్దవాళ్లు చూసి నేర్చుకుని చేసినవి. ఇక్కడ గురువూ ఇంట్లోనే, పరీక్షా ఇంట్లోనే.

రెండోది ఆయుర్వేదం. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం 1983లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఉంది. బి.ఎ.ఎం.ఎస్. చదివే డాక్టరుకు పంచకర్మ ఒక పాఠ్యాంశం. అభ్యంగం ఎవరికి, ఏ తైలంతో, ఎన్ని రోజులు అన్నది ఆ డాక్టరు నిర్ణయిస్తాడు. రోగి ఒంటి మీద చేతులు వేసేది మాత్రం డాక్టరు కాదు, థెరపిస్టు. డాక్టరుకు నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. థెరపిస్టుకు చాలాచోట్ల పక్కన నిలబడి చూసిన అనుభవమే చదువు. ఈ ఎడమే అసలు సమస్య.

మూడోది ఫిజియోథెరపీ, ప్రకృతి వైద్యం. వీటికి డిగ్రీలున్నాయి, కాలేజీలున్నాయి. తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థలోనే ఫిజియోథెరపీ కళాశాల ఉంది. అయితే ఈ డిగ్రీల్లో మర్దన పెద్ద చదువులో ఒక చిన్న భాగం. నాలుగోది స్పాలు, పార్లర్లు. ఇక్కడ కొన్ని వారాల శిక్షణతోనే చేతికి పని దొరుకుతుంది.

అయిదోది మర్దన కాకపోయినా దాన్ని ఆనుకునే ఉన్నది, మా జిల్లాకే పేరు తెచ్చినది: పుత్తూరు కట్టు. పుత్తూరు పక్కన తరతరాలుగా ఒక కుటుంబం ఎముకలు సరిచేసి, ఆకుపసరు, వెదురు బద్దలతో కట్టు కడుతూ వచ్చింది. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి మనుషులు వెతుక్కుంటూ వస్తారు. దాంతో పాటు ఇంకొకటి జరిగింది. మద్రాసు వీధుల్లోనూ ఇతర ఊళ్లలోనూ ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులు మొలిచాయి. ఆ బోర్డుల్లో ఏది పుత్తూరు చెయ్యి, ఏది కాదు అన్నది విరిగిన ఎముకతో వచ్చినవాడికి తెలిసే దారి లేదు. కట్టు బిగుసుకుని రక్తం ఆడకపోతే కాలో చెయ్యో పోగొట్టుకునే ప్రమాదం ఉన్న విద్య ఇది. ఊరి పేరే హామీపత్రం అయిపోయినచోట పేరు ఎవరైనా పెట్టుకోగలరు, పనితనం పెట్టుకోలేరు. గుర్తింపు అనే ఏర్పాటు ఎందుకు కావాలో పుత్తూరు బోర్డులే చెబుతున్నాయి.

మూడు కాగితాలు, మూడు అర్థాలు

ఈ చర్చలో తరచూ కలగాపులగమయ్యే మాటలు మూడు. డ్రైవింగ్ సంగతి తీసుకుంటే తేలిగ్గా తెలుస్తుంది. డ్రైవింగ్ స్కూలు నడపడానికి ఆ స్కూలుకు అనుమతి ఉండాలి, బండ్లు, నేర్పేవాళ్లు సరిగా ఉన్నారని ఎవరో వచ్చి చూడాలి. అది సంస్థకు ఇచ్చే గుర్తింపు. అక్కడ నేర్చుకున్నాక స్కూలు ఇచ్చే కాగితం సర్టిఫికెట్, అది వ్యక్తికి. రోడ్డు మీదకు బండి తీయాలంటే ఆర్టీఓ ఆఫీసులో పరీక్ష పాసై తెచ్చుకునేది లైసెన్సు. నేర్పినవాడే పరీక్ష పెట్టి, తానే పాస్ చేసి, తానే రోడ్డు మీదకు వదిలితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

మర్దన విషయంలో మన దేశంలో జరుగుతున్నది ఇంచుమించు అదే. చాలా కేంద్రాలు తామే నేర్పుతాయి, తామే కాగితం ఇస్తాయి, తామే పనిలో పెట్టుకుంటాయి. ఆ పైమెట్టు లైసెన్సు అనేదే లేదు.

మన చట్టాలు ఎందాకా వచ్చాయి

అలాగని ఏమీ జరగలేదనడం న్యాయం కాదు. 2013 డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం ప్రతి చేతిపనికీ మెట్లు నిర్ణయించింది. దాని కింద బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అసిస్టెంట్ స్పా థెరపిస్టుకు, స్పా థెరపిస్టుకు ప్రమాణాలు రాసింది. హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పంచకర్మ టెక్నీషియన్ కోర్సును తయారుచేసింది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల మీద, పరీక్షలు పెట్టే సంస్థల మీద అజమాయిషీకి 2018లో జాతీయ వృత్తి విద్యా, శిక్షణ మండలిని ప్రకటించారు. అది 2020 నుంచి పనిచేస్తోంది. నేర్పేవాడు వేరు, పరీక్షించేవాడు వేరు అన్న సూత్రం కాగితం మీదికైనా వచ్చింది.

ఆయుర్వేదం వైపున 1988లో ఢిల్లీలో ఏర్పడ్డ రాష్ట్రీయ ఆయుర్వేద విద్యాపీఠం కింద ఆయుర్వేద శిక్షణ గుర్తింపు బోర్డు వచ్చింది. డాక్టర్ల డిగ్రీలను 2020 నాటి భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం చూసుకుంటుంది. ఆ చట్టం పరిధిలోకి రాని చిన్న కోర్సులను, దేశంలోనివైనా బయటివైనా, పరిశీలించి గుర్తింపు ఇవ్వడం ఈ బోర్డు పని. కేరళలోని చెరుతురుత్తిలో కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలికి చెందిన పంచకర్మ సంస్థ టెక్నీషియన్లకు ఏడాది కోర్సు నడుపుతోంది.

ఇవన్నీ ఉన్నా ఒక పెద్ద సందు మిగిలిపోయింది. 2021లో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ల్యాబ్ టెక్నీషియన్లు, ఫిజియోథెరపిస్టులు, పోషకాహార నిపుణులు వంటి ఎన్నో వృత్తులను ఒక గొడుగు కిందకు తెచ్చిన మంచి చట్టమది. అనుబంధ వృత్తికి కనీసం 2,000 గంటలు, ఆరోగ్య వృత్తి డిగ్రీకి కనీసం 3,600 గంటలు చదవాలని గీత గీసింది. ఆ జాబితాలో మర్దన అనే పేరు విడిగా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్ చట్టం అల్లోపతి సంస్థలకు చేసినది. కాబట్టి మర్దన కేంద్రం ఆరోగ్య శాఖకు ఆస్పత్రిగా కనిపించదు, విద్యాశాఖకు బడిగా కనిపించదు. మున్సిపాలిటీకి దుకాణంగా కనిపిస్తుంది. పోలీసులకు అనుమానంగా కనిపిస్తుంది.

అనుమానపు చూపు ఆపగలిగింది చదువే

మసాజ్ అన్న మాటకు మన పత్రికల్లో పక్కన పడే మాట ‘దాడులు’. ఈ పని చేసుకుని బతికే ఆడపిల్ల తన పని పేరు ఇంట్లో చెప్పుకోలేకపోవడానికి కారణం అదే. ప్రభుత్వాలు స్పందించే తీరూ అక్కడి నుంచే మొదలవుతుంది. 2021లో ఢిల్లీ ప్రభుత్వం స్పాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో థెరపిస్టుకు గుర్తింపు పొందిన అర్హత ఉండాలన్న మంచి నిబంధన ఉంది. కానీ దేశమంతా మాట్లాడుకున్నది ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే చేయాలన్న నిబంధన గురించి. దాని మీదే హైకోర్టుకు వెళ్లారు, కోర్టు ఆ నిబంధనను నిలిపేసింది. అర్హత గురించిన చర్చ మాత్రం మరుగున పడింది.

ఈ చిక్కుముడి మనకే కొత్తగా పడలేదు. 1894లో లండన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ మసాజ్ పేరుతో సాగుతున్న అక్రమాల గురించి రాసింది. నిజాయితీగా ఆ పని చేసుకునే నర్సులందరి మీదా మచ్చ పడింది. అప్పుడు లూసీ రాబిన్సన్, రోసలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు మహిళలు కూడబలుక్కుని శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. వాళ్లు చేసింది ముఖ్యంగా రెండు పనులు. ఒక నియమావళి రాశారు. ఒక పరీక్ష పెట్టారు. శరీర నిర్మాణం తెలియకుండా, పరీక్షలో చేతి పని చూపకుండా ఎవరికీ సభ్యత్వం లేదన్నారు. ఆ సంఘానికి 1920లో రాజశాసనం దక్కింది. అదే తర్వాత బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల చార్టర్డ్ సొసైటీ అయింది. ఇవాళ మనం ఎంతో గౌరవంగా చూసే ఫిజియోథెరపీ అక్కడ పుట్టింది ఒక అపవాదును కడుక్కోవడానికి ఆడవాళ్లు పెట్టుకున్న పరీక్షలోంచి. మన ఊళ్ల థెరపిస్టులకు ఈ కథ తప్పక చెప్పాలి. పోలీసు దాడులు తలుపులు మూయించగలవేమో, వృత్తికి పరువు తేలేవు.

గుడి నేర్పిన చదువు, గుడ్డివాళ్లు నిలబెట్టిన చదువు

గుడి ఊరి వాళ్లకు బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయం కథ బాగా అర్థమవుతుంది. 1830లలో మూడో రామరాజు ఆ ఆలయాన్ని బాగుచేయిస్తూ వైద్యం, మర్దన విద్యల సారాన్ని రాతి పలకల మీద చెక్కించాడు. ఒంట్లో ఏ చోట ఒత్తితే ఏమవుతుందో చూపే బొమ్మలు గుడి గోడలకే ఎక్కాయి. 1955లో అదే ఆవరణలో సంప్రదాయ వైద్య పాఠశాల మొదలైంది. 2019లో యునెస్కో థాయ్ మర్దనను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఈలోగా థాయిలాండ్ చట్టాలు కూడా చేసుకుంది. సంప్రదాయ వైద్య వృత్తికి ఒకటి, స్పాల వంటి ఆరోగ్య కేంద్రాలకు ఒకటి. సేద తీర్చే మర్దనకు ఒక మెట్టు, వైద్యంగా చేసే మర్దనకు పై మెట్టు అని విడదీసుకుంది. ఈ విభజన మనం తప్పక గమనించాలి. అలసట తీర్చే చేతికీ, పక్షవాతం వచ్చిన కాలికి సాయపడే చేతికీ ఒకే చదువు సరిపోదు. ఇద్దరికీ పెద్ద చదువే కావాలంటే మొదటివాడు పనిలోకి రాలేడు. ఇద్దరికీ చిన్న చదువు చాలంటే రెండో రోగి బతుకు పణంగా పడుతుంది.

జపాన్‌లో 17వ శతాబ్దంలో సుగియామా వాయిచి అనే చూపులేని వైద్యుడు తనలాంటివాళ్లకు సూదివైద్యం, మర్దన నేర్పే బడులు తెరిచాడు. ఆ సంప్రదాయం ఇవాళ్టికీ అక్కడి అంధుల పాఠశాలల్లో సాగుతోంది. 1947 చట్టం ప్రకారం మర్దన చేయాలంటే గుర్తింపు ఉన్న బడిలో కనీసం మూడేళ్లు చదివి జాతీయ పరీక్ష పాస్ కావాలి. చూపున్నవాడికైనా లేనివాడికైనా ఒకటే పరీక్ష. జాలితో ఇచ్చిన ఉపాధి కాదది, పరీక్ష నెగ్గి సంపాదించుకున్న వృత్తి. మన రాష్ట్రంలో చూపులేని పిల్లల చదువు గురించి ఆలోచించేవాళ్లు ఈ అనుభవాన్ని దగ్గరగా చూడాలి.

కెనడాలోని అంటారియోలో 1919 నుంచే ఈ వృత్తి చట్టం పరిధిలో ఉంది. అక్కడ 2,200 గంటల కోర్సు చాలాకాలం ప్రమాణంగా నడిచింది. అమెరికాలో రాష్ట్రానికో లెక్క. టెక్సస్‌లో 500 గంటలు, న్యూయార్క్‌లో 1,000. కాలిఫోర్నియాలో రాష్ట్రమంతటికీ వర్తించే తప్పనిసరి లైసెన్సు లేదు, ఇష్టమున్నవాళ్లు తీసుకునే సర్టిఫికెట్ ఉంది. ఈ గందరగోళం చూసి అక్కడి వృత్తి సంఘాలు కలిసి, పనిలోకి అడుగుపెట్టేవాడికి నిజంగా ఏమేం రావాలో పట్టిక రాసుకుని లెక్కకట్టాయి. 2013లో తేలిన అంకె 625 గంటలు. అంకె కంటే వాళ్లు వెళ్లిన దారి మనకు పాఠం. గంటలు ముందు నిర్ణయించి పాఠాలు నింపలేదు. ఏం రావాలో రాసుకుని దానికి ఎన్ని గంటలు పడతాయో లెక్క చూశారు. గంటలు కూర్చున్నంత మాత్రాన చదువు రాదని మన ఇంజనీరింగ్ కాలేజీలు చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దగ్గర్లోనే కేరళ ఉంది. అక్కడి పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలను తనిఖీ చేసి గ్రీన్ లీఫ్, ఆలివ్ లీఫ్ అని రెండు మెట్ల గుర్తింపు ఇస్తూ వచ్చింది. డాక్టరు ఉన్నాడా, థెరపిస్టులకు గుర్తింపు ఉన్న సంస్థలో శిక్షణ ఉందా, గదులు, ద్రోణి అనే మర్దన బల్ల, తైలాలు సరిగా ఉన్నాయా అని చూసి ఇచ్చేది. యాత్రికుడు ఆకు గుర్తు చూసి లోపలికి అడుగుపెట్టగలిగేవాడు. ఆరోగ్య శాఖ చట్టం వచ్చేదాకా ఆగకుండా పర్యాటక శాఖ ద్వారా మొదలుపెట్టవచ్చని కేరళ నిరూపించింది. తిరుపతికి ఏటా వచ్చే జనాన్ని తలుచుకుంటే ఈ పని మనం ఇంకా ఎందుకు చేయలేదో అర్థం కాదు.

ఒక పిక్క కథ

ప్రమాణం అనగానే ఎన్ని గంటలు, ఎన్ని పుస్తకాలు అన్న లెక్కలే వస్తాయి. నా దృష్టిలో మర్దన చదువుకు గుండెకాయ ఒకటే పాఠం: ఎప్పుడు చెయ్యి వేయకూడదు. దాన్ని ఒక్క ఉదాహరణతో చెబుతాను.

రాత్రంతా బస్సులో కాళ్లు ముడుచుకుని కూర్చుని వచ్చిన యాత్రికుడు పిక్కలు పీకుతున్నాయని మర్దనకు వస్తాడు. రెండు పిక్కలూ సమానంగా నొప్పి, ఒత్తితే హాయిగా ఉందంటాడు. అది మెట్లెక్కిన నొప్పి, నూనె రాయవచ్చు. ఇంకొకడు వస్తాడు. నొప్పి ఎడమ కాలికే. ఆ పిక్క రెండోదానికంటే లావుగా, వెచ్చగా, కాస్త ఎర్రగా ఉంది, చెయ్యి తగిలితేనే బాధ. అది లోపలి సిరలో రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు. దాన్ని గట్టిగా పిసికితే గడ్డ ఊడి, రక్తంతో పాటు పైకి పోయి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. మనిషి అక్కడికక్కడే పోవచ్చు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే ఇలా గడ్డకట్టే ముప్పు ఇంచుమించు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించింది. విమానానికే కాదు, బస్సుకూ రైలుకూ అదే వర్తిస్తుంది. ముప్పు మొత్తం మీద చిన్నదే, సుమారు ఆరు వేల మందిలో ఒకరికి. కానీ యాత్రాస్థలంలో ఆరు వేల మంది అంటే ఎంతసేపు?

రెండు పిక్కల తేడా చూడడానికి యంత్రం అక్కర్లేదు. రెండు పిక్కల మీదా రెండు చేతులు ఒకేసారి ఆనించి చూస్తే చాలు. అర నిమిషం పని. మా వీధి అవ్వ చేతి వెనకవైపుతో చేసింది అదే. ఈ అర నిమిషం నేర్పని కోర్సు వెయ్యి గంటలదైనా వృథా.

ఇలాంటి పాఠాలు ఇంకా ఉన్నాయి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, వేడి మూట పెడితే కాలిందన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లకు గట్టిగా ఒత్తితే లోపల రక్తం చిమ్ముతుంది. వయసు పైబడిన ఆడవాళ్లకు ఎముకలు గుల్లబారి ఉంటాయి. తామర ఉన్న ఒంటికి రాసిన చేతులతో ఇంకొకరికి రాస్తే తామరను పంచినట్టే. ఇక మెడ. క్షౌరశాలల్లో మెడ పట్టుకుని టక్కున విరవడం మనకు చాలా మామూలు. మెడలో నుంచే మెదడుకు రక్తనాళాలు పోతాయి, ఆ విరుపుకు నాళం చీలితే పక్షవాతం రావచ్చు. 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు పార్లర్‌లో మెడ వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా పక్షవాతం లక్షణాలు వచ్చిన సంగతి డాక్టర్లు చెబితే జనం విస్తుపోయారు. వైద్య పత్రికల్లో 1993లోనే దీనికి పేరు పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత కూడా మన పార్లర్ శిక్షణల్లో ఇది పాఠం కాలేదంటే తప్పు పిల్లలది కాదు.

ఇదంతా పడమటి చదువు అనుకోనక్కర్లేదు. వాగ్భటుడు అష్టాంగ హృదయంలో దినచర్య చెబుతూ రోజూ అభ్యంగం చేసుకొమ్మన్నాడు, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా చేయమన్నాడు. వెనువెంటనే ఎవరికి చేయకూడదో కూడా చెప్పాడు: కఫం ముదిరినవాళ్లకు, అప్పుడే శోధన చికిత్స అయినవాళ్లకు, అజీర్ణంతో ఉన్నవాళ్లకు. చెయ్యమని చెప్పిన నోటితోనే వద్దని చెప్పడం మన శాస్త్రంలో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మన కోర్సులు మొదటి సగం తీసుకుని రెండో సగం వదిలేశాయి.

మర్దన చేయగలిగినదాని గురించీ నిజం చెప్పడం నేర్పాలి. నడుము నొప్పికి మర్దన ఒక్కటే సరిపోదని, వ్యాయామంతో కలిపి ఇచ్చే చికిత్సలో భాగంగానే వాడాలని బ్రిటన్ జాతీయ ఆరోగ్య మార్గదర్శక సంస్థ 2016లో చెప్పింది. అంటే మర్దనకు చోటుంది, హద్దూ ఉంది. ‘డిస్కు సరిచేస్తాం, షుగర్ తగ్గిస్తాం’ అని బోర్డు పెట్టడం తప్పని విద్యార్థికి మొదటి వారంలోనే తెలియాలి.

చేసేవాళ్ల ఒంటి గురించి కూడా ఒక పాఠం కావాలి. బొటనవేలి కీలుతోనే రోజంతా ఒత్తేవాళ్లకు కొన్నేళ్లకే ఆ వేలు పనికిరాకుండా పోతుంది. బరువును చేతి మీద కాకుండా పాదాల మీద మోపి, నడుము వంచకుండా ఒత్తడం నేర్పితే అదే మనిషి ఇరవై ఏళ్లు పనిచేయగలదు. ఒంటి మీద గుడ్డ ఎలా కప్పాలి, ముందుగా అనుమతి ఎలా అడగాలి, హద్దు మీరే మనిషిని మధ్యలోనే ఆపి బయటికి ఎలా పంపాలి అన్నవి కూడా నేర్పాల్సిన విద్యలే. ‘చెయ్యను’ అనే హక్కు థెరపిస్టుకు చదువులో భాగంగా రావాలి, యజమాని దాన్ని కాదనకూడదు.

కాగితం లేని గురువుల సంగతి

ప్రమాణాలు పెంచుదామనగానే వచ్చే న్యాయమైన భయం ఒకటుంది. తరతరాలుగా ఈ పని చేస్తున్న మంత్రసాని, నాయీబ్రాహ్మణుడు, పల్లెలో బెణుకులు తీసే ముసలాయన ఏమైపోతారు? పదో తరగతి పాస్ కావాలి, ఇంత ఫీజు కట్టాలి అంటే బయట పడేది వాళ్లే. లోపలికి వచ్చేది డబ్బున్నవాళ్లు.

దీనికి జవాబు శ్రీకాళహస్తిలోనే ఉంది. స్వర్ణముఖి నీళ్లలో బట్ట ఉతికి, కలం పట్టి దేవుళ్ల కథలు గీసే కలంకారీ ఒక దశలో అంతరించే స్థితికి వచ్చింది. 1950ల చివర అఖిల భారత హస్తకళల బోర్డు ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. దానికి గురువుగా డిగ్రీ ఉన్నవాళ్లను తేలేదు, జొన్నలగడ్డ లక్ష్మయ్య అనే పాతకాలపు పనివాడినే కూర్చోబెట్టింది. ఆయన కుమారుడు గుర్రప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ దక్కింది. ఇప్పుడు ఆ పేరు ఎవరు పడితే వాళ్లు వాడుకోవడానికి లేదు. విద్యను కాపాడింది పాత చెయ్యి, కొత్త బడి, చట్టం ఇచ్చిన పేరు. ఈ మూడూ కలిశాయి కాబట్టే పని నిలిచింది.

మర్దనకూ అదే దారి. ఇప్పటికే పని వచ్చినవాళ్లను మళ్లీ మొదటి తరగతిలో కూర్చోబెట్టకుండా, వాళ్ల పనితనాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర ప్రభుత్వ నైపుణ్య పథకాల్లో ఉంది. దాన్ని ఒకటి రెండు రోజుల తంతుగా కాకుండా నిజంగా నడిపితే, చేతి పనిలో దిట్టయిన అవ్వకు తెలియని రక్తపు గడ్డ సంగతి, షుగర్ పాదం సంగతి కొద్ది వారాల్లో నేర్పవచ్చు. రాత రానివాళ్లకు నోటి పరీక్ష పెట్టవచ్చు. ఆమె దగ్గర కొత్త పిల్లలు పసిబిడ్డను పట్టుకునే తీరు నేర్చుకోవచ్చు. చదువు రెండు వైపులా సాగాలి.

మన చుట్టుపక్కలే మొదలుపెట్టవచ్చు

ఇంత దూరం వచ్చాక ఏం చేయాలన్నది మరీ కష్టమైన ప్రశ్నగా కనిపించదు. తిరుపతి చుట్టూ యాభై కిలోమీటర్ల లోపల ఆయుర్వేద కళాశాల ఉంది. ఎముకల వైద్యానికి, వికలాంగుల పునరావాసానికి పేరున్న బర్డ్ ఆస్పత్రి ఉంది. స్విమ్స్ ఫిజియోథెరపీ కళాశాల ఉంది. శ్రీకాళహస్తిలో ఏరియా ఆస్పత్రి ఉంది. ఏడాది కోర్సు ఒకటి ఈ నాలుగూ కలిసి నడపవచ్చు. అభ్యంగం, తైలాలు ఆయుర్వేద కళాశాలలో. కండరాలు, కీళ్లు, నరాలు ఫిజియోథెరపీ కళాశాలలో. విరిగిన ఎముకను, మర్దన చేయకూడని కాలును కళ్లారా చూడడం ఆస్పత్రుల్లో. అలసట తీర్చే పని వరకు చాలనుకునేవాళ్లకు ఆరు నెలల దగ్గర మొదటి మెట్టు. వైద్యుడి కింద రోగులకు చేయదలచినవాళ్లకు ఏడాది, ఆ పైన కొన్నాళ్లు పర్యవేక్షణలో పని.

పరీక్ష మాత్రం నేర్పినవాళ్లు పెట్టకూడదు. ఒక ఆయుర్వేద వైద్యుడు, ఒక ఫిజియోథెరపిస్టు, పదేళ్లకు పైగా చేతులతో పనిచేసిన ఒక థెరపిస్టు, సర్కారు తరఫున ఒకరు కలిసి పెట్టాలి. ఆయుర్వేద శిక్షణ గుర్తింపు బోర్డు, జాతీయ వృత్తి విద్యా మండలి గుర్తింపు రెండూ తెచ్చుకోవాలి. పాసైనవాళ్ల పేర్లతో పట్టిక తయారుచేసి, కేంద్రం గుమ్మం దగ్గర ఒక కోడ్ అంటించాలి. దాన్ని ఫోన్‌తో చూస్తే లోపల పనిచేసేవాళ్ల అర్హత యాత్రికుడికి తెలియాలి. కేరళ ఆకు గుర్తు లాంటిది మన పర్యాటక శాఖ మొదలుపెట్టాలి. ఆ తర్వాత చట్టం రావడానికి దారి దానంతటదే తెరుచుకుంటుంది.

ఆ పరీక్షలో ఒక గది ఎలా ఉండాలో నేను ఎప్పటి నుంచో ఊహించుకుంటున్నాను. బల్ల మీద ఒక మనిషి పడుకుని ఉంటాడు. పక్కన గోరువెచ్చటి నూనె ఉంటుంది. పిక్కలు లాగుతున్నాయని అతను చెబుతాడు. విద్యార్థిని దగ్గరికి వచ్చి రెండు పిక్కల మీద రెండు చేతులు ఆనిస్తుంది. ఎడమది వెచ్చగా తగులుతుంది. ఎంత దూరం నుంచి వచ్చారని అడుగుతుంది, బస్సులో ఎన్ని గంటలు కూర్చున్నారని అడుగుతుంది. అప్పుడు నూనె గిన్నె పక్కకు జరిపి, "ఇప్పుడు మర్దన వద్దండీ, ముందు ఆస్పత్రికి వెళ్లాలి" అంటుంది. నూనె చుక్క కూడా చేతికి అంటని ఆ పరీక్షలో ఆమెకు పూర్తి మార్కులు పడాలి.